అరుదైన జన్యు వ్యాధికి క్లినికల్ ట్రయల్ వెతకడం: హైదరాబాద్ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

జన్యు పరీక్ష రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే మొదలయ్యే సందేహాలివి. అడిగేవాళ్లు మారుతున్నా ప్రశ్నలు మారడం లేదు కాబట్టి ఒకచోట చేర్చాం. ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాం, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లండి. ట్రయల్‌లో (కొత్త మందును మనుషుల్లో పరీక్షించే అధ్యయనంలో) చేర్చుకునేది ఎక్కువసార్లు వ్యాధి పేరు చూసి కాదు, రిపోర్టులోని ఒకటి రెండు లైన్లు చూసి. కింద చాలా జవాబులు ఆ లైన్ల చుట్టూనే తిరుగుతాయి.

## వెతకడం మొదలుపెట్టే ముందు

డాక్టర్‌గారు ‘డీఎండీ’ (కండరాలు క్షీణించే డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ) అని రాసిచ్చారు. ఆ పేరుతో వెతికితే సరిపోదా?

సరిపోదు. ఒకే పేరు కింద రకరకాల మ్యుటేషన్లు (జన్యువులో మార్పులు) ఉంటాయి, చాలా మందులు మ్యుటేషన్‌ను బట్టి పనిచేస్తాయి. డీఎండీలో దెబ్బతినే డిస్ట్రోఫిన్ జన్యువులో 79 ఎక్సాన్లు (ప్రొటీన్ తయారీ సూచనలుండే ముక్కలు) రైలు బోగీల్లా వరుసగా తగులుకుని ఉంటాయి. 48 నుంచి 50 వరకు బోగీలు ఊడిపోయాయనుకోండి, 47 కొక్కేనికి 51 కొక్కెం పట్టదు. ప్రొటీన్ తయారీ అక్కడే చెడిపోతుంది. 51ని కూడా తప్పిస్తే 47కి 52 సరిగ్గా తగులుకుంటుంది, కాస్త పొట్టిదైనా కొంత పనిచేసే ప్రొటీన్ వస్తుంది. ఎటెప్లిర్సెన్ అనే మందు చేసే పని ఇదే. 49–52 పోయినవాళ్లకు 53ని తప్పించే గోలోడిర్సెన్, విల్టోలార్సెన్ లాంటివి కావాలి. 46–47 పోయినవాళ్లకు 45ని తప్పించే కాసిమెర్సెన్ లాంటిది కావాలి. ఎక్సాన్ 51 మందుకు సరిపోయేవాళ్లు డీఎండీ పిల్లల్లో సుమారు 13 శాతమే. మిగతావాళ్లు ఆ ట్రయల్‌కు ఎన్ని ఫోన్లు చేసినా లాభం లేదు.

ఎస్ఎంఏ (నరాలు దెబ్బతిని కండరాలు బలహీనపడే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ) రిపోర్టులో ఎస్ఎంఎన్1, ఎస్ఎంఎన్2 అనే జన్యువుల గురించి ‘ఎస్ఎంఎన్1 ఎక్సాన్ 7: 0 కాపీలు, ఎస్ఎంఎన్2: 3 కాపీలు’ అని ఉందనుకుందాం. మొదటి సగం వ్యాధిని నిర్ధారిస్తుంది. ఏ ట్రయల్‌కు సరిపోతారో తేల్చడానికి రెండో సగం కావాలి. రెండో సగం లేకుండా వచ్చే రిపోర్టులకు కొదవ లేదు. అలాంటప్పుడు ఎస్ఎంఎన్2 కాపీల సంఖ్య కోసం ల్యాబ్‌ను మళ్లీ అడగాల్సిందే.

రిపోర్టులో ఏ లైన్లు చూడాలి? అంతా ఇంగ్లిష్ కోడ్‌లా ఉంది.

జన్యువు పేరు, ట్రాన్‌స్క్రిప్ట్ నంబర్ (జన్యువు ఏ రూపంతో పోల్చారో చెప్పేది), వేరియంట్ (జన్యువులో దొరికిన మార్పు), అది రెండు కాపీల్లో ఉందా ఒకదాన్లోనే ఉందా అన్నది, దానికిచ్చిన వర్గీకరణ, ఏ పద్ధతిలో పరీక్షించారన్నది చూడండి. వేరియంట్‌ను రెండు విధాల రాస్తారు: ‘సి.’తో మొదలయ్యేది డీఎన్ఏలో మార్పు, ‘పి.’తో మొదలయ్యేది ప్రొటీన్‌లో మార్పు. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకోవాలి. ఒక్క అంకె మారినా అది వేరే మ్యుటేషన్.

వర్గీకరణలో ఐదు మెట్లుంటాయి. ‘పాథోజెనిక్’ (వ్యాధి కలిగించేది) లేదా ‘లైక్లీ పాథోజెనిక్’ (బహుశా వ్యాధి కలిగించేది) అని ఉంటేనే చాలా ట్రయల్స్ ముందుకెళ్తాయి. నడి మెట్టు ‘వీయూఎస్’, అంటే ఈ మార్పు వ్యాధికి కారణమో కాదో ఇంకా తేలలేదని. వీయూఎస్‌తో దరఖాస్తు పెట్టి తిరస్కరణకు గురైన కుటుంబాలు ముందు చేయాల్సిన పని తల్లిదండ్రులిద్దరికీ ఆ ఒక్క వేరియంట్ పరీక్ష చేయించడం. ఎవరి నుంచి ఏది వచ్చిందో తేలితే వీయూఎస్ పైమెట్టుకు ఎక్కే అవకాశం ఉంటుంది.

ఎక్సోమ్ టెస్ట్ చేయించాం, ఏమీ దొరకలేదన్నారు. ఇక దారి మూసుకుపోయినట్టేనా?

కాదు. ఎక్సోమ్ చూసేది మొత్తం జన్యుపదార్థంలో ప్రొటీన్లకు సంబంధించిన 1–2 శాతాన్నే. ఫ్రెడ్రిక్ అటాక్సియా, మయోటోనిక్ డిస్ట్రోఫీ లాంటివి డీఎన్ఏ అక్షరాలు పదేపదే రిపీట్ కావడం వల్ల వస్తాయి, వాటికి ప్రత్యేక పరీక్ష ఉంది. జన్యువులో పెద్ద ముక్కలు ఎగిరిపోయిన కేసులకు ఎంఎల్‌పీఏ అనే పరీక్ష చేయించాలి. ఎస్ఎంఎన్1, ఎస్ఎంఎన్2 కవలల్లా ఒకేలా ఉండటంతో మామూలు ఎక్సోమ్ ఎస్ఎంఏ దగ్గర తడబడుతుంది.

ల్యాబ్‌ను వీసీఎఫ్, బామ్ లేదా ఫాస్ట్‌క్యూ ఫైళ్లు (రిపోర్టు వెనకున్న జన్యు డేటా) అడిగి తీసుకుని హార్డ్‌డిస్క్‌లో దాచుకోండి. ఏడాది, రెండేళ్లకోసారి అదే డేటాను మళ్లీ విశ్లేషించమనవచ్చు. కొత్తగా కనిపెట్టిన జన్యువులు అప్పుడు బయటపడతాయి, మళ్లీ రక్తం ఇవ్వక్కర్లేదు.

హైదరాబాద్‌లో ముందుగా ఎవరిని కలవాలి?

పంజాగుట్టలోని నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగాన్ని. నిమ్స్, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ (సెంటర్ ఫర్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నొస్టిక్స్) కలిపి 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్. బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెనెటిక్స్ ఉంది. తలసీమియా, సికిల్ సెల్ అయితే రాజేంద్రనగర్ వైపున్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ.

మాది మేనరికం. ట్రయల్‌తో దానికేం సంబంధం?

సంబంధం ఉంది, సిగ్గుపడి దాచాల్సిన విషయం కాదు. మేనమామ, మేనబావ సంబంధాల్లో తల్లిదండ్రులిద్దరూ ఒకే పూర్వీకుడి నుంచి ఒకే మ్యుటేషన్ మోస్తుండవచ్చు. అప్పుడు బిడ్డకు రెండు కాపీల్లోనూ అదే మార్పు వస్తుంది. ట్రయల్ వాళ్లకు ఇది ఒకరకంగా సులువైన రిపోర్టు. రెండు వేర్వేరు మార్పులు ఎదురెదురు కాపీల్లో ఉన్నాయా, ఒకే కాపీలో ఉన్నాయా అని తేల్చాల్సిన అవసరం ఉండదు. ఇబ్బంది కూడా ఉంది. ఆ మార్పు ప్రొటీన్‌ను పూర్తిగా చెరిపేసే రకమైతే, బయటి నుంచి ఎంజైమ్ ఎక్కించినప్పుడు శరీరం దాన్ని పరాయిదిగా చూసి యాంటీబాడీలు పుట్టించే ప్రమాదం ఎక్కువ. పాంపే వ్యాధి (ఎంజైమ్ లోపంతో కండరాలు బలహీనపడే వ్యాధి) ఉన్న పసిపిల్లల్లో చికిత్సకు ముందే ఈ స్థితిని చూస్తారు, ‘క్రిమ్ నెగెటివ్’ అంటారు.

భార్యాభర్తలిద్దరూ క్యారియర్లైతే (తమకు వ్యాధి లేకుండా ఒకే జన్యువులో చెడిన కాపీ ఒకటి మోస్తుంటే) ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదన్న లెక్క తప్పు. చెల్లికో తమ్ముడికో లక్షణాలు లేకపోయినా డాక్టర్‌ను అడిగి పరీక్ష చేయించండి. లక్షణాలు మొదలుకాని పిల్లలనే కోరుకునే ట్రయల్స్ ఉన్నాయి.

ఫైల్లో ఏమేం పెట్టుకోవాలి?

అన్నిటికంటే పైన ఒకే పేజీ సారాంశం, ఇంగ్లిష్‌లో. దాంట్లో ఇంతే ఉండాలి: ‘మగ, 7 ఏళ్ల 4 నెలలు. డీఎండీ, ఎక్సాన్లు 48–50 డిలీషన్, ఎంఎల్‌పీఏతో నిర్ధారణ. సొంతంగా నడుస్తాడు. బరువు 20 కిలోలు, ఎత్తు 115 సెంటీమీటర్లు. డెఫ్లజాకార్ట్ రోజూ 18 మిల్లీగ్రాములు, ఫలానా నెల నుంచి డోసు మారలేదు. ఇంతకుముందు ఏ ట్రయల్‌లోనూ లేడు.’ దాని వెనుక జన్యు రిపోర్టు పూర్తి పీడీఎఫ్ పెట్టండి. ఫోన్‌తో తీసిన ఫొటోలో దశాంశ బిందువులు కనపడవు. తర్వాత గుండె ఎకో, శ్వాస పరీక్ష, టీకాల కార్డు. చివరగా నేల మీద నుంచి లేవడం, మెట్లెక్కడం చూపే అర నిమిషం వీడియో, దాని మీద తేదీ.

మన దగ్గర ఎక్కువగా చిక్కొచ్చేది పేర్లతోనే. జనన ధ్రువీకరణలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో చివర, ల్యాబ్ రిపోర్టులో పొడి అక్షరంగా ఉంటుంది. మూడూ ఒకే మనిషివని ట్రయల్ సైట్‌కు (ట్రయల్ జరిగే ఆసుపత్రికి) నిరూపించుకోవాల్సి వస్తుంది. స్కూల్లో వేయించిన పుట్టినరోజు అసలుదానికి తేడాగా ఉంటే మరీ కష్టం. ‘4 ఏళ్లు నిండి 8 దాటని’ అన్న నిబంధనలో రెండు నెలల తేడా కూడా బయట నిలబెడుతుంది. ముందే సరిచేయించుకోండి.

## ట్రయల్ వెతికేటప్పుడు

ఏయే వెబ్‌సైట్లలో చూడాలి?

భారత్‌లో జరిగేవాటికి సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ – ఇండియా). ఇది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఆధ్వర్యంలో 2007 జులైలో మొదలైంది, 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి, 2018 ఏప్రిల్ నుంచి మొదటి పేషెంట్‌ను చేర్చుకోకముందే నమోదు కావాలి. ప్రపంచవ్యాప్తంగా చూడటానికి అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ ఉంది. దాంట్లో ప్రతి ట్రయల్‌కూ ‘ఎన్‌సీటీ’ తర్వాత 8 అంకెల నంబర్ ఉంటుంది. యూరప్‌లో కొత్త ట్రయల్స్ 2023 జనవరి 31 నుంచి యూరోపియన్ యూనియన్ పోర్టల్ సీటీఐఎస్ ద్వారానే వస్తున్నాయి. అన్ని దేశాల రిజిస్ట్రీలనూ కలిపి చూపేది డబ్ల్యూహెచ్‌ఓ పోర్టల్. దేన్ని చూసినా డబ్బు కట్టాల్సిన పని లేదు. ‘మేం మీకోసం వెతికిపెడతాం’ అని ఫీజు అడిగేవాళ్లు చూసేదీ వీటినే.

సీటీఆర్ఐలో ఒక్కోసారి ఏమీ రావు, ఒక్కోసారి సంబంధం లేనివి గుట్టలుగా వస్తాయి. ఎలా?

ఏమీ రాకపోతే పేరు మార్చి చూడండి. హంటర్ సిండ్రోమ్ అన్నా, ఎంపీఎస్ 2 అన్నా, మ్యూకోపాలిశాకరిడోసిస్ టైప్ 2 అన్నా ఒకటే వ్యాధి. పాంపే అన్నా గ్లైకోజెన్ స్టోరేజ్ డిసీజ్ టైప్ 2 అన్నా అంతే. నమోదు చేసిన కంపెనీ ఏ పేరు రాస్తే ఆ పేరుకే దొరుకుతుంది. హిమోఫిలియాకు బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ టైప్ చేయండి. జన్యువు పేరుతో ఒకసారి, తెలిస్తే మందు కోడ్‌తో మరోసారి. అరుదైన వ్యాధుల సమాచారమిచ్చే ఆర్ఫానెట్ వెబ్‌సైట్‌లో వ్యాధి పేజీ తెరిస్తే మారుపేర్లన్నీ ఒకచోట ఉంటాయి, వాటిని కాగితం మీద రాసుకుని వరుసగా కొట్టుకుంటూ పోవడమే.

గుట్టలుగా వస్తే జల్లెడ పట్టాలి. సీటీఆర్ఐలో పీజీ విద్యార్థుల థీసిస్‌లు, ఫిజియోథెరపీ అధ్యయనాలు, ఆయుష్ ప్రయోగాలు కూడా ఉంటాయి. రికార్డు తెరిచాక ‘పోస్ట్ గ్రాడ్యుయేట్ థీసిస్’ ఎదురుగా ‘ఎస్’ (అవును) అని ఉంటే అది కొత్త మందు ట్రయల్ కాకపోవచ్చు. కొత్త మందైతే డీసీజీఐ (దేశ ఔషధ నియంత్రణాధికారి) అనుమతి ఉన్నట్టు రాసి ఉండాలి. తర్వాత ‘సైట్స్ ఆఫ్ స్టడీ’ పట్టికకు దిగండి. ఏ ఊళ్లో ఏ ఆసుపత్రిలో ఏ డాక్టర్ అన్నది అక్కడ ఉంటుంది. ‘పబ్లిక్ క్వెరీ’ కింద ఇచ్చిన నంబర్ చాలాసార్లు కంపెనీ కార్యాలయానిది, పేషెంట్‌ను చూసే డాక్టర్‌ది కాదు.

‘రిక్రూటింగ్’ అని చూసి ఫోన్ చేస్తే ‘అయిపోయింది’ అన్నారు. ఎందుకలా?

అరుదైన వ్యాధుల ట్రయల్స్‌లో మొత్తం సీట్లే 20, 30 ఉంటాయి, నెలల్లో నిండుతాయి. రిజిస్ట్రీలో మార్చేది మనుషులే, వాళ్లు ఆలస్యం చేస్తారు. పైగా సీటీఆర్ఐలో రెండు స్టేటస్‌లు ఉంటాయి, ప్రపంచానికి ఒకటి, ఇండియాకు ఒకటి. మీకు కావలసింది రెండోది. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో ‘యాక్టివ్, నాట్ రిక్రూటింగ్’ అంటే ట్రయల్ నడుస్తోంది కానీ కొత్తవాళ్లను తీసుకోరు. ‘ఎన్‌రోలింగ్ బై ఇన్విటేషన్’ అంటే పిలిచినవాళ్లకే. ‘అన్‌నోన్’ అంటే చాలాకాలంగా ఎవరూ ముట్టుకోలేదు. వెతుకులాటలో అందరూ వదిలేసేది ‘నాట్ యెట్ రిక్రూటింగ్’. మా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే, సీట్లు ఇంకా ఖాళీగా ఉన్నది అక్కడే.

అర్హతల జాబితా రెండు పేజీలుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కింది నుంచి, అంటే ‘ఎక్స్‌క్లూజన్’ (ఎవరిని తీసుకోరో చెప్పే భాగం) నుంచి. ఒక్కటి తగిలినా అక్కడితో ఆపేయవచ్చు, సమయం మిగులుతుంది. తరచూ తగిలేవి: గడిచిన కొన్ని వారాల్లో వేరే ప్రయోగ మందు వాడటం, స్టెరాయిడ్ డోసు ఈమధ్య మార్చడం, వెన్నెముక ఆపరేషన్, గుండె లేదా శ్వాస సామర్థ్యం ఒక అంకె కంటే తగ్గడం.

జన్యు చికిత్స ట్రయల్స్‌లో ఇంకో అడ్డంకి ఉంది. మంచి జన్యువును మోసుకెళ్లేది ఏఏవీ అనే వైరస్ పెంకు. పుట్టుక తర్వాత ఎప్పుడో ఆ వైరస్ సోకి ఉంటే రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి, అప్పుడు తీసుకోరు. ఒకసారి ఏఏవీ డోసు తీసుకున్నాక కూడా యాంటీబాడీలు ఎంత ఎక్కువగా పుడతాయంటే, రేపు ఇంతకంటే మేలైన జన్యు చికిత్స వచ్చినా తీసుకోలేని స్థితి రావచ్చు. అందుకే మొదట దొరికిన ఏఏవీ ట్రయల్‌లో కళ్లు మూసుకుని చేరవద్దంటాం. వారం రోజులు ఆలోచించండి, మీ న్యూరాలజిస్ట్‌తో మాట్లాడండి.

ఫేజ్ 1, 2, 3 అంటే ఏమిటి? ఏది మంచిది?

ఫేజ్ 1లో మందు భద్రమా, ఎంత డోసు అని చూస్తారు. ఫేజ్ 2లో పనిచేస్తున్న ఆనవాళ్లు, ఫేజ్ 3లో నిజంగా పనిచేస్తుందన్న రుజువు. అరుదైన వ్యాధుల్లో మనుషులు తక్కువ కాబట్టి 1/2 కలిపి చేస్తారు. ఫేజ్ 1లో లాభం ఆశించి చేరితే నిరాశపడతారు.

మా వ్యాధికి ఇండియాలో ఒక్క ట్రయలూ కనిపించట్లేదు. ఏం చేయాలి?

మందు ఇవ్వని అధ్యయనాలు వెతకండి. ‘నేచురల్ హిస్టరీ స్టడీ’, పేషెంట్ రిజిస్ట్రీ లాంటివి. వ్యాధి ఏ వయసులో ఎలా ముదురుతుందో కొలిచిపెట్టుకోకుండా ఏ కంపెనీకైనా ఫేజ్ 3 మొదలుపెట్టడం కష్టం. ఆ కొలతల్లో ఉన్న పిల్లలకు తర్వాత ముందుగా పిలుపు అందే అవకాశం ఉంటుంది.

ఇక్కడ ప్రయోగాలే జరగవని కాదు. హిమోఫిలియా ఏ (రక్తం సరిగా గడ్డకట్టని వ్యాధి)కి లెంటీవైరస్‌తో జన్యు చికిత్సను వెల్లూరు సీఎంసీలో 5 మందికి ఇచ్చారు, ఫలితాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి. మరోవైపు, 2024 ఆగస్టులో డీసీజీఐ ఒక మార్పు తెచ్చింది. అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, యూరోపియన్ యూనియన్‌లలో అనుమతి ఉన్న కొన్ని వర్గాల మందులకు ఇక్కడ మళ్లీ ట్రయల్ చేయకుండా మినహాయింపు ఇవ్వవచ్చు. అరుదైన వ్యాధుల మందులు, జన్యు చికిత్సలు ఆ వర్గాల్లో ఉన్నాయి. అంటే కొన్నిటికి ఇక్కడ ట్రయల్ ఎప్పటికీ రాకపోవచ్చు, మందు నేరుగా రావచ్చు.

## సైట్‌ను సంప్రదించేటప్పుడు

ఈమెయిల్‌లో ఏం రాయాలి?

సబ్జెక్ట్ లైన్‌లో ట్రయల్ నంబర్, జన్యువు, వయసు, ఊరు. లోపల ఐదారు లైన్లు: ఎవరు, ఏ మ్యుటేషన్, ఇప్పుడు ఏం చేయగలరు, ఏ మందులు వాడుతున్నారు, ఎప్పుడు రాగలరు, ఫోన్ నంబర్. సారాంశం, జన్యు రిపోర్టు అటాచ్ చేయండి. బాధ రాయకూడదని కాదు, ఉత్తరం పొడవు పెరిగితే మ్యుటేషన్ లైన్ కిందికి జారిపోతుంది. సైట్‌లో ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్ ముందు వెతికేది దాన్నే. మీ డాక్టర్ పేరుతో రెఫరల్ లేఖ తోడైతే జవాబు త్వరగా వస్తుంది.

పది రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్‌కు రిప్లైగా మళ్లీ పంపండి, అదే ట్రయల్‌లోని మరో సైట్‌కూ పంపండి. ఒక సైట్ నిండినా ఇంకోటి ఖాళీగా ఉండవచ్చు.

సైట్ బెంగళూరులోనో వెల్లూరులోనో ఉంది. ఖర్చెవరిది?

ట్రయల్ మందు, ట్రయల్ కోసం చేసే పరీక్షలు ఉచితం. ప్రయాణం, బస ఖర్చులు స్పాన్సర్ (ట్రయల్ నడిపించే కంపెనీ) ఇస్తుందా, తోడు వచ్చేవాళ్లకూ వర్తిస్తుందా, ముందే ఇస్తారా, బిల్లులు చూపాక ఇస్తారా అన్నవి కన్సెంట్ (అంగీకార) పత్రంలో రాసి ఉండాలి. ఎక్కువ చోట్ల బిల్లులు పెట్టాకే ఇస్తారు. నాలుగు వారాలకోసారి వెళ్లాల్సిన ట్రయల్ అయితే ఏడాదికి 13 ప్రయాణాలు, ప్రతిసారీ తల్లిదండ్రుల్లో ఒకరికి రెండు మూడు రోజుల పని పోతుంది. చేరకముందే విజిట్ల పట్టిక అడిగి క్యాలెండర్ మీద గుర్తుపెట్టి చూసుకోండి. వెల్లూరుకైతే కాట్పాడి స్టేషన్‌లో దిగాలి, వీల్‌చైర్ సాయం ముందే అడగండి.

అమెరికాలో ట్రయల్ ఉంది. మేం వెళ్లి చేరొచ్చా?

కొన్ని సైట్లు విదేశీయులను తీసుకుంటాయి, చాలావరకు దగ్గర్లో నివాసం ఉండాలంటాయి. మొదటి మెయిల్‌లోనే అడిగేయండి. అసలు భారం తర్వాత మొదలవుతుంది. ఏఏవీ జన్యు చికిత్స తర్వాత 5 ఏళ్ల వరకు, జన్యు సవరణ అయితే 15 ఏళ్ల వరకు పరిశీలించాలని ఎఫ్‌డీఏ (అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ) సూచన. మొదటి కొన్ని నెలలు వారం వారం రక్త పరీక్షలు ఉండవచ్చు. అక్కడ బంధువులు ఇల్లు ఇచ్చినా వీసా గడువు ఇవ్వలేరు.

‘4 లక్షలు కడితే స్టెమ్ సెల్ ట్రయల్‌లో చేర్చుకుంటాం’ అంటున్నారు. నమ్మొచ్చా?

వద్దు. మందుకు పేషెంట్ దగ్గర డబ్బు తీసుకునేది ట్రయల్ కాదు, వ్యాపారం. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధుల్లో చేసే మూలకణ మార్పిడి లాంటి ఆమోదిత చికిత్సలు తప్ప, మిగతా స్టెమ్ సెల్ వాడకం అంతా అనుమతి పొందిన ట్రయల్‌లోనే జరగాలి. సీటీఆర్ఐ నంబర్ అడగండి, ఆ నంబర్ తెరిచి ఆసుపత్రి పేరు, ఎథిక్స్ కమిటీ (పేషెంట్ల భద్రత, హక్కులు చూసే కమిటీ) ఆమోదం, మీ వ్యాధి పేరు మూడూ సరిపోయాయా చూడండి. నంబర్ చూపినా సరే, అది వేరే వ్యాధికి తీసుకున్నది కావచ్చు.

## కన్సెంట్, స్క్రీనింగ్, ట్రయల్ నడిచేటప్పుడు

మా బిడ్డ మీద ప్రయోగాలు చేసి వదిలేస్తారేమో?

ఆ భయానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో హాస్టల్ బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి బయటపడింది. పార్లమెంటరీ కమిటీ 2013 నివేదికలో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ ఏడాదే నష్టపరిహారం, ఎథిక్స్ కమిటీల రిజిస్ట్రేషన్ నియమాలు వచ్చాయి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 మార్చి నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్. కొత్త మందు ట్రయల్‌లో పిల్లల వంటివారిని చేర్చుకునేటప్పుడు కన్సెంట్ తీసుకోవడాన్ని వీడియో తీయాలి. ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా అడగాలి.

నియమాలున్నంత మాత్రాన మందుకు ప్రమాదం పోదు. 2025లో ఎలెవిడిస్ అనే డీఎండీ జన్యు చికిత్స తీసుకున్న, నడవలేని స్థితిలో ఉన్న ఇద్దరు అబ్బాయిలు కాలేయం దెబ్బతిని చనిపోయారు. అది అప్పటికే అనుమతి పొందిన మందు.

కన్సెంట్ పత్రంలో సంతకం పెట్టేముందు ఏం చూడాలి?

తెలుగు ప్రతి అడగండి. ఇంటికి తీసుకెళ్లి చదువుతామంటే కాదనకూడదు, కాదన్నారంటే అనుమానించాలి. ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) ఉందా, ఎన్ని విజిట్లు, ఎన్నిసార్లు కండ ముక్క లేదా వెన్ను నీరు తీస్తారు, శాంపిల్స్ ఏ దేశం వెళ్తాయి, ట్రయల్ అయ్యాక మందు సంగతేమిటి, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఏది. సంతకం చేసిన పత్రం ప్రతి మీకివ్వాల్సిందే.

ప్లాసిబో వస్తే ఏడాది వృథాయేగా?

ఉత్తుత్తి మందు ఎవరికి వెళ్తుందో డాక్టర్‌కూ తెలియదు. అయితే ట్రయల్ రూపం చూసుకోవచ్చు: ఇద్దరికి మందు, ఒకరికి ప్లాసిబో చొప్పున ఉందా, గడువు తర్వాత అందరికీ అసలు మందు ఇచ్చే ‘ఓపెన్ లేబుల్ ఎక్స్‌టెన్షన్’ ఉందా? ఆ రెండోది ఉన్న ట్రయల్‌నే ఎంచుకోమని మా సలహా.

స్క్రీనింగ్‌లో (చేర్చుకునే ముందు చేసే పరీక్షల్లో) ఎందుకు ఫెయిల్ చేస్తారు? ముందే జాగ్రత్త పడొచ్చా?

కొన్నిటికి పడొచ్చు. విజిట్ వారంలో జ్వరం, దగ్గు ఉంటే ముందే ఫోన్ చేసి తేదీ మార్పించుకోండి, జ్వరంతో వెళ్తే అంకెలన్నీ చెడతాయి. స్టెరాయిడ్ డోసును మీ అంతట మీరు మార్చవద్దు. నాటు మందు, హోమియో పొడి, జిమ్ సప్లిమెంట్ ఏది వాడినా చెప్పండి, దాచింది రక్త పరీక్షలో బయటపడొచ్చు. టీకాలు పెండింగ్ ఉంటే ముందుగానే పూర్తి చేయండి. రోగనిరోధక శక్తిని అణిచే మందులు మొదలయ్యాక లైవ్ టీకాలు (ప్రాణమున్న, బలహీనపరిచిన క్రిములతో చేసేవి) వేయరు.

కండరాల వ్యాధుల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. రక్త పరీక్షలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీవోటీ అనే ఎంజైములు వందల్లో ఉండటం చూసి కాలేయం చెడిందని రాసేస్తారు, ఇంటి దగ్గరి డాక్టర్ లివర్ టానిక్కులు మొదలుపెడతారు. ఆ ఎంజైములు ఈ పిల్లల్లో కండరాల నుంచి వస్తాయి. కాలేయం సంగతి తెలియాలంటే జీజీటీ అనే మరో ఎంజైమ్ చూడాలి. జీజీటీ, సీకే (కండరాల ఎంజైమ్) రెండూ ఒకే రోజు చేయించిన రిపోర్టు ఫైల్లో ఉంచుకోండి.

ఫెయిలైతే కారణం రాతపూర్వకంగా అడగండి. ‘రీ-స్క్రీనింగ్’కు వీలుందో లేదో ప్రొటోకాల్‌లో (ట్రయల్ నడిపే విధానం రాసిన పత్రంలో) ఉంటుంది.

ట్రయల్ వల్ల ఏదైనా అయితే బాధ్యత ఎవరిది?

తీవ్రమైన సమస్య వస్తే సైట్ డాక్టర్ 24 గంటల్లో డ్రగ్ కంట్రోలర్‌కు, స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి తెలపాలి. ట్రయల్ వల్ల కాదని తేలేవరకు వైద్యం ఉచితం. ట్రయల్ వల్లే మరణమో వైకల్యమో సంభవిస్తే పరిహారం నిర్ణయిస్తారు, ఆదేశం అందిన 30 రోజుల్లో చెల్లించాలి. అర్ధరాత్రి వేరే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాల్సి వస్తే చూపించడానికి ట్రయల్ కార్డు పర్సులో ఉంచుకోండి, సైట్‌కు అదే రాత్రి ఫోన్ చేయండి.

మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆపేస్తారా?

ఆపకూడదు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానేయొచ్చు. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం కాబట్టి ఎలా ఆపాలో అడిగి ఆపండి.

## ట్రయల్ అయ్యాక, లేదా దొరకకపోతే

ట్రయల్ ముగిశాక మందు ఇస్తూనే ఉంటారా?

2019 నియమాల్లో దారి ఉంది: వేరే చికిత్స లేకపోవడం, మందు ఆ పేషెంట్‌కు మేలు చేసిందని డాక్టర్ సిఫారసు చేయడం, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవడం. ఇవి ఉంటే స్పాన్సర్ ఉచితంగా ఇవ్వాలి. ట్రయల్ చివరి నెలల్లో కాదు, చేరేటప్పుడే ఈ సంగతి కాగితం మీద చూసుకోండి.

ట్రయల్ దొరకలేదు, కానీ విదేశాల్లో మందు అమ్ముతున్నారు. తెప్పించుకోవచ్చా?

సొంత వాడకానికి డాక్టర్ ప్రిస్క్రిప్షన్‌తో ఫారం 12ఏ దరఖాస్తు పెట్టి, ఫారం 12బీ అనుమతి పొందాలి. ఇక్కడ అనుమతి లేని కొత్త మందును ప్రభుత్వ ఆసుపత్రి తన పేషెంట్ కోసం దిగుమతి చేసుకోవడానికి సీటీ-24 దరఖాస్తు ఉంది. జాతీయ విధానంలో ఉన్న అరుదైన వ్యాధుల మందులకు 2023 ఏప్రిల్ నుంచి సొంత వాడకం దిగుమతిపై కస్టమ్స్ సుంకం లేదు, దానికి జిల్లా వైద్యాధికారి లాంటి నిర్దేశిత అధికారి సర్టిఫికెట్ కావాలి. అదే విధానం కింద సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ద్వారా 50 లక్షల వరకు చికిత్స సాయం ఉంది. ఆ డబ్బు ఆసుపత్రికే వెళ్తుంది, మీ ఖాతాలో పడదు.

ఇక్కడి మార్కెట్ మీదా కన్నేసి ఉంచండి. ఎస్ఎంఏ మందు రిస్డిప్లామ్ జనరిక్‌ను హైదరాబాద్ కంపెనీ నాట్కో 2025 అక్టోబరులో సీసా 15,900 రూపాయలకు విడుదల చేసింది. అంతకుముందు అదే మందు ధర లక్షల్లో ఉండేది.

ఎన్నాళ్లకోసారి మళ్లీ వెతకాలి?

మూడు నెలలకోసారి చాలు, రోజూ వెతికితే అలసట తప్ప కొత్తవి రావు. వెతికిన తేదీ, వాడిన పదాలు, చూసిన ట్రయల్ నంబర్లు, కాదనుకున్న కారణం ఒక నోట్‌బుక్‌లో రాయండి. ‘వయసు చాలలేదు’ అని కాదనుకున్నది వచ్చే ఏడాది సరిపోవచ్చు. బిడ్డ నడక, బరువు మారినప్పుడల్లా సారాంశం పేజీ తిరగరాసి కింద తేదీ వేయండి. ఫోన్ నంబర్ మార్చితే రిజిస్ట్రీకీ, పాత సైట్లకూ వెంటనే మెయిల్ చేయండి. ఖాళీ సీటు వచ్చినప్పుడు కోఆర్డినేటర్ రెండుసార్లు ఫోన్ చేసి, ఎత్తకపోతే జాబితాలో తర్వాతి పేరుకు వెళ్తారు.